రాహేలమ్మ గాజులపై విచారణ

1946లో, ఏటేటా శిస్తు లెక్కలు సరిచూసే జమాబందీ ముగిసీ ముగియగానే నన్ను కర్నూలు జిల్లా మార్కాపురం తాలూకాకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఏమిటని ఇప్పటి పిల్లలు అడుగుతారు. అప్పుడు అంతే, ప్రకాశం జిల్లా ఇంకా పుట్టలేదు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరంటే తహసీల్దారుకు కింద, గ్రామ మునసబులకు, కరణాలకు పైన. కొన్ని ఊళ్లు కలిపితే ఒక ఫిర్కా, ఆ ఫిర్కాకు ఒక ఇన్‌స్పెక్టరు. శిస్తు వసూళ్ల దగ్గర నుంచి చెరువు గట్టుకు గండి పడిందా లేదా అన్నదాకా కళ్లతో చూసి కాగితం మీద పెట్టడం మా పని. పైవాళ్లు సంతకాలు చేస్తారు, కిందివాళ్లు వేలిముద్రలు వేస్తారు, మధ్యలో ఎండలో తిరిగేది మేము. ఉద్యోగంలో ఉండగా ఈ మాట అనలేదు. ఇప్పుడు అంటే ఎవరూ బదిలీ చేయలేరు కాబట్టి అంటున్నాను.

నాకిచ్చింది పుల్లలచెరువు వైపు ఫిర్కా. నల్లమల అంచు ఊళ్లు, ఉప్పునీళ్ల బావులు, వాన పడితే జొన్న, కొర్ర, ఆముదం, పడకపోతే ఏమీ లేదు. అటు వేశారని తెలియగానే తోటి గుమాస్తాలు "ఎవరితో పెట్టుకున్నావు?" అని అడిగారు. నేనెవరితోనూ పెట్టుకోలేదు. అక్కడికి పోయేవాళ్లు లేక నన్ను పంపారు.

యుద్ధం ఆగి ఏడాది కావస్తోంది. ఆ మెట్ట ఊళ్ల నుంచి, ముఖ్యంగా కూలి చేసుకు బతికే ఇళ్ల నుంచి, చాలామంది పట్టాళంలో చేరారు. దేశభక్తి, రాజభక్తి అని ఇప్పుడు పెద్ద మాటలు అంటారు కానీ, నేను మాట్లాడిన సిపాయిలంతా చెప్పింది ఒకటే: అక్కడ మూడు పూటలా తిండి పెడతారు. వాళ్లలో కొందరు తిరిగి రాలేదు. అట్లా పోయిన సిపాయి భార్యకు సర్కారు పింఛను ఇచ్చేది. పిల్లలుంటే వాళ్లు పెద్దయ్యేదాకా విడిగా భత్యం ఉండేది, అదీ తల్లి చేతికే. షరతు ఒక్కటే, ఆమె మారుమనువు చేసుకోకూడదు. ఆరు నెలలకొకసారి, ఆమె బతికే ఉందనీ మళ్లీ పెళ్లాడలేదనీ గ్రామ మునసబు సంతకంతో సర్టిఫికెట్టు తేవాలి. తాలూకా కచేరీలోనే ఒక గదిలో సబ్ ట్రెజరీ ఉండేది. అక్కడి గుమాస్తా పింఛను పట్టాలో రాసి ఉన్న పుట్టుమచ్చలు సరిచూసి, వేలిముద్ర వేయించుకుని డబ్బు ఇచ్చేవాడు.

నేను చేరిన కొద్ది రోజులకే తహసీల్దారు గారు పిలిచి ఒక విచారణ అప్పగించారు. పుల్లలచెరువు అవతల ఒక పల్లె. ఊరికి ఎడంగా ఉన్న క్రైస్తవుల పాలెంలో రాహేలమ్మ అనే మనిషి. భర్త దానియేలు బర్మా వైపు యుద్ధంలో చనిపోయాడు. ఒక కూతురు, ఒక కొడుకు, ఇద్దరూ పసివాళ్లు. ఆమె పింఛను తీసుకోవడానికి వచ్చినప్పుడు ట్రెజరీ గుమాస్తా వేలిముద్ర కోసం చెయ్యి పట్టుకున్నాడు. మణికట్టు నిండా ఆకుపచ్చ మట్టిగాజులు గలగలమన్నాయి. గుమాస్తా చెయ్యి వదిలేశాడట.

ఆ సంభాషణ తరువాత గుమాస్తాయే నాకు చెప్పాడు. "మళ్లీ మనువాడినావా?" అని ఈయన అడిగాడు. "లేదు సామీ," అని ఆమె. "మరి గాజులేంది?" "మా పాలెంలో తియ్యరు సామీ." మార్కాపురంలో ఇంకో క్రైస్తవ సిపాయి భార్యకు ఈయనే ప్రతిసారీ పింఛను ఇస్తున్నాడు, ఆమెవి బోసి చేతులే. ఆ లెక్కన తియ్యరన్న మాట ఆయనకు అబద్ధంగా తోచింది. మునసబు సర్టిఫికెట్టును కూడా నమ్మలేదు. అడవి అంచు మునసబులు కాగితం మీద ఏముందో చూసి సంతకం చేస్తారని నమ్మే గుమాస్తా ఆ రోజుల్లో ఎవరూ లేరు. చెల్లింపు ఆపి ఫైలు తహసీల్దారు ముందు పెట్టాడు.

గుమాస్తా చెడ్డవాడు కాదు. ఆ మాటకొస్తే, ఆమె బయటికి పోతుంటే వెంట పోయి, గాజులు తీసేసి వస్తే ఆ పూటే డబ్బు ఇప్పించే దారి చూస్తానన్నాడట. ఆయన పెరిగిన ఇంట్లో, నేను పెరిగిన ఇంట్లో, మొగుడు పోయిన ఆడదాని చేతికి గాజులుండవు. చిన్ననాట వితంతువైన మేనత్త మా ఇంట్లోనే ఉండేది. ఆమె చేతులు వంట చేస్తున్నా, పూజ గది కడుగుతున్నా చప్పుడు ఉండేది కాదు. గాజుల చప్పుడు వింటే మొగుడున్న మనిషి అనుకోవడం మాకు ఇంటితో వచ్చిన అలవాటు, రూలుతో వచ్చింది కాదు.

ఇక్కడ నివేదిక సంగతి కొంచెం చెప్పాలి. విచారణలో మారుమనువు జరగలేదని తేలి తహసీల్దారు తృప్తిపడితే, తానే చెల్లించమని ఆర్డరు వేయవచ్చు. ఏ కాస్త సందేహం మిగిలినా కాగితాలు కలెక్టరు మీదుగా మిలిటరీ పింఛన్ల ఆఫీసుకు పోవాలి. అవి వెళ్లి తిరిగి రావడమంటే తల ప్రాణం తోకకు వస్తుంది. అప్పటిదాకా పింఛనూ ఉండదు, పిల్లల భత్యమూ ఉండదు. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి, చేలల్లో కూలి లేదు. అంటే నేను తెచ్చే కాగితం గట్టిగా లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. తహసీల్దారు గారు ఆ మాట అనలేదు. "లేదు అని రాస్తే నమ్మను. లేదని ఎట్లా తెలిసిందో రాయి," అన్నారు. ఆయన కోస్తా మనిషి, గొప్ప ఆచారపరులు, పనిలో బహు కఠినులు. ఒక పని జరిగిందని రుజువు చేయడం సులువు, జరగలేదని రుజువు చేయడం ఎంత కష్టమో ఆయనకూ తెలుసు.

బొగ్గు గ్యాసు బస్సు పోయినంత దూరం పోయి, తక్కిన దారి ఒక ఎద్దుబండిలో వెళ్లాను. మునసబు పెద్ద రైతు, నెమ్మదస్తుడు. చావడిలో మంచం వాల్పించి మజ్జిగ ఇప్పించాడు. నేను కాగితాలు తీయకముందే విషయానికి వచ్చాడు.

"నేను సంతకం పెట్టిన మాట నిజమే అయ్యా. పాలెంలో ఎవురు ఎవురితో ఉండారో నాకేం తెలుస్తది? వాళ్ల పెండ్లిళ్లు వాళ్ల గుడిలో అయితాయి, మనకు పిలుపులుండవు. ఆ పిల్ల గాజులేసుకోని తిరుగుతాంటే నేనూ చూసినా. అడిగితే ఏం బాగుంటదని ఊరుకున్నా."

తరువాత గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. ఊళ్లో పట్టాళం నుంచి వచ్చిన హవల్దారు ఒకడు రూళ్లన్నీ చెబుతుంటాడట. దాని ప్రకారం సిపాయి భార్య మారుమనువు పోతే పింఛను ఆమెకు ఆగిపోయి, కొడుకు సంపాదన మీద బతికిన తల్లి పేరుకు మారుతుంది.

"దీనికింత రగడెందుకయ్యా? మారుమనువు అయిందని రాసుకోండి. పింఛను ముసల్దాని పేరుకు పోతది. అత్తాకోడండ్లు ఒక్క పొయ్యి మీదే వండుకుంటాండారు. ఇంట్లో దుడ్డు ఇంట్లోనే ఉంటది. నా సంతకం అయినాంక జరిగిందని రాస్తే నాకూ ఇబ్బందుండదు."

రూలు ఆయన చెప్పింది సరిగ్గానే ఉంది. ఉద్దేశం కూడా మంచిదే. ముసలావిడకు అంతకు ముందే ఈ సలహా ఇచ్చాడట, ఆమె అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నేను వెనక్కి వాలి ఆలోచించాను. మార్కాపురంలో గుమాస్తా గాజులు తీయమన్నాడు, ఇక్కడ మునసబు ఆమెకు పెళ్లి చేయమంటున్నాడు. ఇద్దరూ ఆమె మేలు కోరేవాళ్లే. జరిగింది జరిగినట్టు రాద్దామన్న ఆలోచన మాత్రం ఇద్దరికీ రాలేదు. నాకు కోపం వచ్చింది కానీ, మజ్జిగ తాగాక కోప్పడడం మర్యాద కాదని ఊరుకున్నాను.

చావడికి పిలిపిస్తానని మునసబు అన్నాడు. పిలిపిస్తే వాళ్లు లోపలికి రారు, బయట ఎండలో నిలబడి అడిగినదానికల్లా అవునంటారు. విచారణ మనిషి ఉండే చోట జరగాలని మాకు ఒక పద్ధతి ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని నేనే పాలెం వెళ్లాను. వారమంతా బడిగా, ఆదివారం గుడిగా వాడుకునే బోదగడ్డి కప్పిన కొట్టం ఒకటి ఉంది. పాస్టరు వేరే పల్లెకు వెళ్లాడు. నేను లోపల బల్ల మీద కూర్చున్నాను. మునసబు లోపలికి రాలేదు. చూరు కింద నిలబడి ఎండ తగులుతున్నా అక్కడి నుంచే విన్నాడు.

మొదట ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురిని అడిగాను. రాహేలమ్మ మంచిదన్నారు. మారుమనువు లేదన్నారు. వాళ్లందరూ ఆమె బంధువులే, పాలెంలో బంధువులు కానివాళ్లు ఎవరుంటారు? ఈ మాటలు రాసుకుపోతే తహసీల్దారు గారు చదవకుండానే పక్కన పెడతారని నాకు తెలుసు.

తరువాత రాహేలమ్మ వచ్చింది. పాతికేళ్ల లోపు మనిషి, ఎండకు వాడిన ముఖం, మెడలో ఏమీ లేదు. తాళి తానే తీసి దాచుకున్నానని చెప్పింది. గుమాస్తా ఆ మెడ చూసి ఉంటే ఈ ప్రయాణమే ఉండేది కాదేమో. కానీ వేలిముద్ర వేసేటప్పుడు కళ్లముందుకు వచ్చేది చెయ్యే కదా. ఆమెను మారుమనువు గురించి అడిగాను, లేదంది. ఎవరైనా అడగడానికి వచ్చారా అన్నాను. ఒకరిద్దరు వచ్చారనీ, పొమ్మన్నాననీ చెప్పింది. ఇంకేం అడగాలో నేను ఆలోచిస్తుండగానే ఆమె ఒక గాజు మీద చెయ్యి వేసింది.

"సామీ, గాజులే అడ్డమైతే ఇప్పుడే తీసేస్తా. పిలకాయలకు గింజల్లేవు. ఇంక నావల్ల కాదు."

కొట్టం మూల కూర్చున్న ఆమె అత్త నాగమ్మ అంత వయసులోనూ చివాల్న లేచింది. "మే, పిల్లా! చెయ్యి తియ్యి," అని కోడలి మణికట్టు పట్టుకుంది. నేనూ ఆపాను. నా కారణం వేరు. విచారణ మధ్యలో గాజులు తీస్తే, భయపడి దాచిందని రేపు ఫైలులో ఎవరో ఒకరు రాస్తారు. ఆ సంగతి చెప్పి, ఈ కాగితం తేలేదాకా చేతులు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉంచమన్నాను. రాహేలమ్మ కూర్చుని ఏడ్చింది. నేను కలం సిరాలో ముంచుతూ కూర్చున్నాను.

ఇక మిగిలింది నాగమ్మ. ఆమెను దగ్గరికి పిలిచి, "అవ్వా, గాజులు తీయకూడదని మీ మతంలో ఉందా?" అని అడిగాను.

"మతం సంగతి పాస్టరయ్యను అడుగు సామీ. ఇది నా సంగతి," అంది. చీర కొంగు తొలగించి ఎడమ చెయ్యి నా ముందు పెట్టింది. మణికట్టు దగ్గర చర్మం ముడతలు పడి, లోపలికి గుంట పోయి ఉంది. "మా ఆయన పోయినప్పుడు మేమింకా గుళ్లో కలవలా. చెయ్యి రోటి మీద పెట్టి రాయితో కొట్టినారు గాజుల్ని. ముక్క లోపలికి దిగింది. చీము పట్టి, ఈ చెయ్యి పోతదనుకున్నారు. అప్పుడు వీళ్ల నాయన నా కడుపులో ఉండాడు." వీళ్ల నాయన అంటూ, ఏడుస్తున్న తల్లిని ఆనుకుని కూర్చున్న పిల్లలిద్దరినీ చూపింది. కడుపులో ఉన్నది దానియేలు. "వాడు చచ్చినాడని కాయితం వచ్చినప్పుడు మా పాత చుట్టాలు వచ్చినారు, దీని గాజులు కొడతామని. నేను గడపలో అడ్డం కూర్చున్నా. నన్ను దాటి ఎవురూ పోలా."

మా మేనత్త చేతులు నేనెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు.

కానీ ఇది ఆచారం గురించిన జవాబు, పెళ్లి గురించినది కాదు. గాజులు ఎందుకున్నాయో తెలిసింది, మారుమనువు లేదన్నది ఇంకా తేలలేదు. అప్పుడు మునసబు చెప్పిన ఉపాయం నాకు ఇంకో వైపు నుంచి కనిపించింది. నేను కొత్త కాగితం తీసుకుని, ప్రశ్నా జవాబూ రెండూ పక్కపక్కన రాయడం మొదలుపెట్టాను. మామూలుగా వాఙ్మూలంలో జవాబే రాస్తాం. అడిగిన మాట కూడా రాయాలంటే దానికి తగిన కారణం ఉండాలి. ఇక్కడ ఉంది.

"అవ్వా, బాగా విను. నీ కోడలు మారుమనువు చేసుకుందని నువ్వు చెబితే పింఛను నీ పేరుకు వస్తుంది. ఇది నీకు తెలుసా?"

"తెలుసు. మునసబయ్య చెప్పినాడు."

చూరు కింద మునసబు గొంతు సవరించుకున్నాడు.

"తెలిసి చెప్పు. ఆమె మారుమనువు చేసుకుందా?"

"లేదు. చేసుకోలా. రాసుకో." మునసబుకు వినపడేటట్టు ఇంకాస్త గట్టిగా అంది. "మునసబయ్య మంచి చెప్పినాననుకున్నాడు. నా పేరున పింఛనొస్తే నేనెన్నాళ్లుంటా సామీ? రేపోమాపో పోతా. నాతో అదీ పోతది. పిలకాయలు ఎవరి చేతిలో పెరగాల? పైగా ఈ బిడ్డ రేపు పెద్దదైతే, దీని తల్లి ఇంకొకడి వెంట పోయిందని సర్కారు కాయితంలో ఉంటే దీన్నెవురు చేసుకుంటారు? అబద్ధసాక్ష్యం చెప్పొద్దని ఆదివారం ఆదివారం వింటానే ఉండాం కదా. విన్నది ఎప్పుడో ఒకసారి చెయ్యాల."

రాసినదంతా చదివి వినిపించాను. ఒక చోట ఆపి, "గడపలో అడ్డం కూర్చున్నానని రాసినావా?" అని అడిగింది. రాశానన్నాను. బొటనవేలు ముద్ర వేసింది. చదివి వినిపించానని కింద రాసి నేను సంతకం చేశాను. సాక్షిగా సంతకం పెట్టడానికి మునసబు లోపలికి రావాల్సి వచ్చింది. ఒక క్షణం తటపటాయించి, చెప్పులు విప్పి, వంగి కొట్టంలోకి వచ్చి సంతకం చేసి వెళ్లిపోయాడు. చావడిలో నాకు భోజనం పెట్టించాడు కానీ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

మార్కాపురం వచ్చి నివేదిక పెట్టాను. తహసీల్దారు గారు ఇరుగుపొరుగు వాఙ్మూలాలు తిరగేసి పక్కన పెట్టారు, నేననుకున్నట్టే. నాగమ్మ వాఙ్మూలం మాత్రం మొదటి నుంచి చివరిదాకా చదివారు. ప్రశ్నలు కూడా ఎందుకు రాశావని మందలిస్తారేమోనని నేను నిలబడి ఉన్నాను. ఆయన కళ్లజోడు తీసి అడిగారు.

"మారుమనువు జరిగిందని తేలితే పింఛను ఎవరికి పోతుంది?"

"సిపాయి తల్లికండీ."

"జరగలేదని చెప్పింది ఎవరు?"

"సిపాయి తల్లేనండీ."

ఆయన కాగితం అంచున "బకాయితో సహా చెల్లించవలెను" అని రాసి సంతకం చేశారు. దాని కింద ఇంకో వాక్యం రాశారు: పింఛనుదారును పట్టాలో రాసిన గుర్తులతోనే పోల్చవలెను గాని, వేషమును బట్టి కాదు. ట్రెజరీ గుమాస్తాను పిలిచి కాగితం చేతికిచ్చారు. ఆయన అంత ఆచారపరులై ఉండి ఆ వాక్యం రాశారే అని నేను ఆశ్చర్యపోయాను, ఆయన మీద గౌరవం కూడా పెరిగింది. రాహేలమ్మకు కబురు పంపాం. అత్తాకోడళ్లిద్దరూ కలిసి వచ్చి డబ్బు తీసుకుని వెళ్లారని గుమాస్తా చెప్పాడు. నేను ఆ రోజు వేరే ఊళ్లో క్యాంపులో ఉన్నాను.

ఆ విచారణ నాకొక పని పద్ధతి నేర్పింది. అప్పటిదాకా నేనూ అందరిలాగే, మంచిపేరున్నవాళ్లను, స్వార్థం లేనివాళ్లను సాక్షులుగా వెతికేవాణ్ణి. స్వార్థం లేనివాడికి నిజం చెప్పడానికి ఖర్చేమీ లేదు, అందుకే ఆ నిజాన్ని తూచడం కష్టం. ఆ తరువాత డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యేదాకా, వారసత్వమైనా, సరిహద్దు తగాదా అయినా, ఏ ఊరికి విచారణకు పోయినా, అబద్ధం చెబితే ఎవరికి లాభమో ముందు కనుక్కునేవాణ్ణి. ఆ లాభం ఏమిటో వాళ్లకు విప్పి చెప్పి, అది కూడా కాగితం మీద పెట్టి, ఆ తరువాతే అసలు మాట అడిగేవాణ్ణి. ఎక్కువమంది లాభం వైపే మాట్లాడారు. వాళ్ల విషయంలో ఇంకా సాక్షుల్ని వెతకాల్సి వచ్చేది. లాభం తెలిసీ కాదన్నవాళ్లు కొద్దిమందే. వాళ్ల దగ్గర నేను రెండో సాక్షిని ఎప్పుడూ అడగలేదు.